పొగ, నిప్పు, కొల్లేటి గూడబాతు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచిన యూరిలో పురాణములు, ప్రబంధములు, నవలలు, వ్యవసాయ పత్రికలు అరలనిండ చేరుట సహజము. విద్యార్థులకై తెప్పించిన జీవశాస్త్ర వాచకములును కొన్ని యుండును. వానిని పరీక్షల కాలమున తప్ప తాకువారు తక్కువ. సైన్సు అనగా నగరములోని గాజుగొట్టములు, సూక్ష్మదర్శినులు, నోరు తిరుగని లాటిను పేళ్లు అని పెద్దలకు ఒక బెదురు కలదు. ఆ బెదురు అనవసరము.

పొలమున ఏ పైరున్నదో అరుగుమీద కూర్చుండి వ్రాసిన అడంగలునకును, గట్టువెంట నడచి కన్నులార చూచి వ్రాసిన అడంగలునకును భేదమెంతయో రైతులందరు నెరుగుదురు. మొదటిదానిలో నిరుటి వరియే ఈ యేడును పండును. చేపలచెరువై పోయిన చేను గూడ వరిచేనుగానే నిలిచియుండును. అందుచేతనే అజమాయిషీ యను నియమము పుట్టినది. వ్రాసినవాడొకడు, పోయి సరిచూచువాడు మరియొకడు. శాస్త్రపద్ధతి యనబడునది ఈ అజమాయిషీయే. కాకున్న, అది పొలమునకును శిస్తునకును పరిమితము గాక చెట్టు, పురుగు, పక్షి, రోగము, సమస్తమునకును వర్తించును.

జ్ఞానమునకు మార్గములను పూర్వులు ప్రమాణములనిరి. న్యాయశాస్త్రమున అవి నాలుగు: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. కంటితో చూచినది ప్రత్యక్షము. చూచినదానినిబట్టి చూడనిదానిని ఊహించుట అనుమానము. తెలిసినదానితో పోల్చి క్రొత్తదానిని గుర్తించుట ఉపమానము. ఆప్తుడు చెప్పగా నమ్మునది శబ్దము. ఆంధ్రుడని ప్రసిద్ధిగల అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహమును చదువు బాలురకు మొదట చెప్పు ఉదాహరణము కొండమీది పొగ. కొండమీద పొగ కనబడినది గనుక అచ్చట నిప్పున్నది. ఏలయన వంటయింటిలో పొగయున్నచోట నిప్పుండుట పలుమారు చూచినదే. ఈ విడువని సాహచర్యమునకు వ్యాప్తి యని పేరు.

ఇంతవరకు చాలమంది యెరుగుదురు. తరువాతి మెట్టును చదివినవారును మరతురు. పొగనుబట్టి నిప్పును ఊహింపవచ్చును గాని, నిప్పునుబట్టి పొగను ఊహింపరాదు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపముద్దయందు నిప్పున్నది, పొగ లేదు. అట్లయిన వంటయింటి నిప్పునకు పొగ యెచ్చటనుండి వచ్చినది? తడికట్టెనుండి. ఆ తడికట్టె సంబంధమునే తార్కికులు ఉపాధి యనిరి. రెండు వస్తువులు జంటగా కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని తీర్మానింపరాదు; నడుమ ఉపాధి దాగియున్నదేమో వెదకవలయును. ప్రయోగశాలలలో నేటి శాస్త్రజ్ఞులు చేయు పనిలో సగము ఈ వెదకుటయే. మనవారు దానికి పేరు పెట్టిరి, లక్షణము చెప్పిరి, దానిపై శతాబ్దములు వాదించిరి. కొండ యెక్కి చూచినవారు మాత్రము తక్కువ. ఇది నింద కాదు, జరిగిన చరిత్ర.

చిత్తడినేలల వారికి ఈ ఉపాధి విచారము ప్రాణములతో ముడిపడియున్నది. నీరు నిలిచినచోట చలిజ్వరము పుట్టునని లోకమంతట ప్రాచీనకాలమునుండి నమ్మిక. ఇటలీవారు ఆ జ్వరమునకు పెట్టిన మలేరియా యను పేరునకు చెడ్డగాలి యని యర్థము. కుళ్లిన నీటినుండి లేచు విషవాయువు జ్వరకారణమని వైద్యులును తలచిరి. సాహచర్యము నిజమే. బురదయున్నచోట జ్వరమున్నది; ఆరిన మెరకమీద తక్కువ. వ్యాప్తి కుదిరినట్లే కనబడెను.

1880లో అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ పట్టణమున లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు జ్వరరోగి రక్తమున చలించుచున్న సూక్ష్మజీవిని కనుగొనెను. జ్వరమునకు ఒక జీవి కారణమని తేలినది గాని, అది ఒడలిలోనికి ఏ త్రోవను ప్రవేశించునో తేలలేదు. గాలితోనా, నీటితోనా, మరి దేనితోనా? లండనులోని మాన్సన్ అను వైద్యుడు దోమను శంకించెను. శంక యొకటి, రుజువు మరియొకటి. ఆ రుజువునకు మొదటి రాయి తెలుగుగడ్డమీద పడినది.

రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు సికింద్రాబాదులో 1895 మొదలు జ్వరరోగులను కుట్టిన దోమలను పట్టి, కోసి, సూక్ష్మదర్శినిలో చూచుచుండెను. రెండేండ్లు గడచినను ఏమియు కనబడలేదు. అతనికి దొరకినవన్నియు ఇండ్లలో సామాన్యముగా నుండు బూడిదవన్నె దోమలు, చారల దోమలు. దోమ కారణము గాదని అచ్చట విరమించినచో ఎవరును తప్పు పట్టరు. అతడు విరమింపక, దోమలన్నియు ఒకే జాతియా యని ప్రశ్నించుకొనెను. 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలు గల వేరొక జాతి దోమలు దొరకినవి. వానిని హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టనిచ్చెను. కుట్టిన దోమకొక అణా చొప్పున ఆ రోగికి ముట్టినది. లోకమునకు ఇంత చౌకగా దొరకిన మేలు మరియొకటి యరుదు.

ఆగస్టు 20వ తేదిని, వ్రాతలో 38వ సంఖ్య వేసిన దోమను కోయగా, దాని పొట్టగోడలో గుండ్రని కణములు, వాని లోపల నల్లని రేణువులు కనబడెను. ఆ రేణువులు రోగి రక్తములోని జీవియందు కనబడునట్టివే. మరునాడు 39వ దోమను కోసెను. అందును అవే కణములు. అయితే ముందునాటికంటె పెద్దవి. ఒకనాటికంటె మరునాటికి పెరిగినవి గనుక అవి ధూళి గాదు, మరక గాదు. దోమ పొట్టలో జీవించి పెరుగుచున్న వస్తువులు.

ఆ 38 యను సంఖ్యను కొంత తడవు చూడవలయును. అంతకు ముందటి దోమలను గూర్చి ఏమియు లేదని ఓపికతో వ్రాసియుంచుటచేతనే ఈ ఒక్క ఉన్నదికి విలువ వచ్చినది. మరుసటి యేడు కలకత్తాలో రాస్ పక్షుల మలేరియాపై పనిచేసి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులకు చేరుటను గనుగొనెను. మనుష్యుల జ్వరమునకు అనాఫిలీస్ జాతి దోమ వాహకమని ఇటలీలో గ్రాస్సీయు అతని సహచరులును స్థిరపరచిరి. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించినది. అతడు పనిచేసిన బేగంపేట భవనము అతని పేరనే యున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు అధీనములోనిది. హైదరాబాదునకు పోవువారు గోలకొండతోపాటు దానిని గూడ చూచి రాదగును.

అంతటితో చెడ్డగాలి వాదము నశింపలేదు. 1900లో మాన్సన్ రెండు పరీక్షలు జరిపించెను. రోమునకు సమీపమున ఓస్టియా బురదనేలల నడుమ, జ్వరములు విజృంభించు నెలలలో, సాంబన్, లో అను వైద్యులు తంతివల బిగించిన కొయ్యయింట కాపురముండిరి. పగలు బయట తిరిగి, ప్రొద్దు గ్రుంకకముందే లోపలికి చేరుచు, రాత్రులయందు ఆ బురదగాలినే పీల్చిరి. గాలికి అడ్డు లేదు. దోమకు మాత్రము అడ్డున్నది. వారికి జ్వరము రాలేదు. అదే సంవత్సరము రోములో జ్వరరోగిని కుట్టిన దోమలను లండనునకు తెప్పించి, మాన్సన్ తన సొంత కుమారుని వానిచేత కుట్టించెను. బురదలేని లండనులో ఆ యువకునకు చలిజ్వరము పట్టెను; క్వినైనుతో కుదిరెను. తండ్రి గుండెదిటవును గూర్చి ఎవరి యభిప్రాయము వారిది.

గాలియుండి దోమలేనిచోట జ్వరము లేదు. గాలిలేక దోమయున్నచోట జ్వరమున్నది. నిప్పును తడికట్టెను విడదీసి చూచుట యనగా ఇదియే. ఉన్నప్పు డుండుటను అన్వయమనియు, లేనప్పుడు లేకుండుటను వ్యతిరేకమనియు తార్కికు లందురు. చెడ్డగాలియే కారణమైనచో కొల్లేటివారు ఊళ్లు విడిచి పోవుటయే మార్గముగా నుండెడిది. దోమ కారణమని తేలినందున దోమతెర, నిలిచిన నీటిపై కన్ను, సకాలమున మందు పనికి వచ్చినవి.

జీవోత్పత్తిని గూర్చిన విచారమును ఈ త్రోవనే నడచినది. జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని మనవారు జీవులను నాలుగు విధములుగా విభజించిరి. మావినుండి, గ్రుడ్డునుండి, నేలను చీల్చుకొని పుట్టునవి సరియే. చెమటనుండి, చెమ్మనుండి పురుగులు పుట్టునను స్వేదజమాటయే నిలువలేదు. ఐరోపావారును అట్లే నమ్మిరి. 1668లో రెడీ యను ఇటలీ వైద్యుడు మాంసమును జాడీలలో నుంచి, కొన్నిటిని తెరచి, కొన్నిటిని మూసి యుంచెను. తెరచినవానిలో పురుగులు పట్టెను. గాలి చొరనందున మూసినవానిలో పుట్టలేదని ఆక్షేపము రాగలదు గనుక, మరికొన్నిటికి పలుచని వలగుడ్డ కట్టెను. గాలి చొచ్చెను, ఈగ చొరలేదు. మాంసము కుళ్లెను గాని పురుగు పుట్టలేదు. ఈగ పెట్టిన గ్రుడ్డే పురుగునకు మూలము. తొలకరికి ఎండిన మడుగులో కొర్రమీను ప్రత్యక్షమైనప్పుడు వానతోపాటు చేప పడినదని చెప్పు ముసలివారికిని ఇదే సమాధానము. కొర్రమీను గాలిని నేరుగ పీల్చగల చేప. తడిబురదలో ఒదిగి నీటికై కాచుకొనియుండును.

ఆహారము గొనుట, పెరుగుట, తనవంటిదానిని కనుట, పరిసరముల మార్పునకు స్పందించుట జీవి లక్షణములు. ఏనుగైనను నాచైనను కణములతో నిర్మితము. ఈ సంగతులు పాఠశాల వాచకములలో నున్నవి. ఇచ్చట విస్తరింప నక్కరలేదు.

కవులను గూర్చి ఒక మాట. హంస పాలను నీళ్లను వేరుచేయుననియు, చాతకము వానచినుకును మాత్రమే త్రాగుననియు కావ్యములు చెప్పును. ఇవి కవిసమయములు, కావ్యమున వానిని పరీక్షింప పూనుట అరసికత. కాని అదే మాటను శబ్దప్రమాణముగా గొని జీవశాస్త్రమున నిలిపినచో అది కావ్యమునకును శాస్త్రమునకును చేటు. కవులు కన్నులు మూసికొని వ్రాసిరనియు అనరాదు. మేఘసందేశమున కాళిదాసు రాజహంసలు మానససరస్సువైపు ఉత్తరముగా పోవునని వర్ణించెను. రాజహంస యనగా తలపై నల్లపట్టెలుగల పెద్దబాతని కొందరు పండితులు తలచెదరు. ఆ బాతు నిజముగానే టిబెట్టు సరస్సుల తీరమున గ్రుడ్లు పెట్టి, చలికాలమున హిందూదేశమునకు దిగును. దిక్కు సరిపోయినది. ఋతువు మాత్రము కొంత తప్పినది. తొలిమేఘము కనబడువరకు ఆ బాతులు ఇచ్చట నిలువవు, ఎండలు ముదురకముందే లేచిపోవును. కవికి మేఘము కావలసియుండెను.

ఇక కొల్లేటి మాట. జాడీలో మాంసమునుంచి మూత పెట్టవచ్చును. సరస్సునకు మూత పెట్టరాదు. పక్షిని, చేపను, చెట్టును వాని తావుననే చూచి, వేర్వేరు తావులను పోల్చి, ఏండ్ల తరబడి లెక్క వ్రాసికొనుట తప్ప వేరుదారి లేదు. జీవశాస్త్రమున సగము ఇట్టి బయటిపనియే. కొల్లేటివారికి ఇందలి సామగ్రి వాకిటనే యున్నది.

మొదట పేరు. ముక్కుక్రింద పెద్దసంచి వ్రేలాడు తెల్లని భారీపక్షి యొకటి కలదు. నీరు తోడు గూడవంటి సంచి గలది గనుక గూడబాతు అందురు. వేరొకచోట గూడకొంగ అందురు. నిజమునకు అది బాతు గాదు, కొంగయు గాదు. తన వంశము తనకే కలదు. ఊరికొక పేరైనచో ఇద్దరు చూచినది ఒకటియేనా యని తేల్చుట కష్టము గనుక శాస్త్రజ్ఞులు లోకమంతటికి ఒకే లాటిను పేరు పెట్టుదురు. జర్మనీ పండితుడు గ్మెలిన్ 1789లో దీనికి పెలికానస్ ఫిలిప్పెన్సిస్ అని నామకరణము చేసెను. ఫిలిప్పీను దీవుల పేరు మోయుచున్న ఈ పక్షి ఆ దీవులలో నేడు లేదు, హిందూదేశమున నున్నది. పేరులోని యూరు సొంతయూరు గాకపోవచ్చును.

సొంతయూరి మాటయే ముఖ్యమైన తగవు. చలికాలమున కొల్లేటిమీద పక్షులు మూగగానే పత్రికలవారును, చూడవచ్చినవారును, వారిని విని పిల్లలును సైబీరియా కొంగలు వచ్చినవందురు. గూడబాతును, ఎర్రకాళ్ల కొంగను గూడ ఆ లెక్కలోనే వేయుదురు. ఇది నిజమా యని తేల్చుటకు సైబీరియా పోనక్కరలేదు. సూదితోక బాతు, చెంచాముక్కు బాతు మొదలగునవి నిజముగా ఉత్తరదేశములనుండి వచ్చునవి. అవి అచ్చటి వేసవిలో గూడుకట్టి పిల్లలను పెంచి, మంచుకాలమున మేతకొరకు ఇటు దిగును. అవి కొల్లేట మేయును, నిద్రించును, పోవును, గూడుకట్టవు. గూడబాతు ఆటపాకలో పుల్లలు తెచ్చి గూడుకట్టి, గ్రుడ్లు పొదిగి, పిల్లలకు మేత పెట్టుచున్నది. పుట్టినయిల్లు ఇచ్చటనే కలదు. మేతకై తావులు మారునేకాని అది దక్షిణాసియా పక్షియే. చూచినవారందరు గూళ్లను చూచిరి. గూడునుండి తీయదగిన అనుమానమును మాత్రము తీయక, విన్నమాటను నమ్మిరి.

పక్షులు దూరదేశములకు పోవుననుట గూడ ఒకప్పుడు తగవే. వానకోవెల చలికాలమున కన్నములలో దాగునని అరిస్టాటిల్ వంటి మహాపండితుడు వ్రాయగా, ఐరోపా రెండువేల యేండ్లు దానిని నమ్మినది. 1822లో జర్మనీలోని క్లూట్జ్ గ్రామమున దొరకిన కొంగ మెడలో ఆఫ్రికావారి బాణమొకటి గ్రుచ్చుకొనియుండెను. బాణముతోడనే అది అంతదూర మెగిరి వచ్చినది. ఆ కొంగను రోస్టాక్ విశ్వవిద్యాలయమున భద్రపరచిరి. 1899లో డెన్మార్కునందు మోర్టెన్సెన్ అను ఉపాధ్యాయుడు గోరువంకజాతి పక్షుల కాళ్లకు సంఖ్యయు చిరునామాయు చెక్కిన అల్యూమినియపు కడియములు తొడిగి విడువసాగెను. పక్షి యెచ్చట దొరకిన అచ్చటివారు వ్రాయుదురు. బాణము చేసిన పనిని కడియము పక్షిని నొప్పింపకయే చేసినది. చచ్చిన పక్షి కాలికి అట్టి కడియము కనబడినచో దానిని పారవేయక, అంకెలు వ్రాసికొని అటవీశాఖవారికి తెలుపవలయును.

గూడబాతు చరిత్ర కొల్లేటి ప్రాంతమునకు మరియొక విధమున గూడ సంబంధించినది. 1946లో కె. కె. నీలకంఠన్ అను యువకుడు పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామపు చెట్లమీద ఈ పక్షుల నివాసమును కనుగొనెను. దాదాపు మూడువేల పక్షులు అచ్చట గూళ్లు కట్టుచుండెను. తరువాతి కాలమున అతడు ఆంగ్లోపాధ్యాయుడై, ఇందుచూడన్ అను కలముపేర మలయాళమున కేరళ పక్షులపై ప్రసిద్ధగ్రంథము వ్రాసెను. ఆరేటి వృత్తాంతము 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికయం దచ్చుపడినది. కనుగొనెను అనుమాట విని ఆరేడువారు నవ్వియుందురు. తమ చెట్లమీది పక్షులను వారికి ఎవరు చూపవలయును? కాని శాస్త్రలోకమున ఆ పక్షుల జన్మపత్రిక వ్రాసినదినమునుండియే మొదలైనది. అంతకుముందు 1902లో కడప జిల్లా బుచ్చుపల్లెయందు రీనియస్ అను దొర అట్టి నివాసమును చూచి, 1906లో మరల దర్శించెను. ఆపైన అది యెవరికిని కనబడలేదు. ఆరేటి నివాసమును 1975 ప్రాంతమున అంతరించెను.

ఎందుచేత? చెట్లు కొట్టుటచేత ననవచ్చును, మేత తగ్గుటచేత ననవచ్చును, మందులచేత ననవచ్చును, అలికిడిచేత ననవచ్చును. ప్రతి సంవత్సరము గూళ్లెన్ని, చెట్లెన్ని, నీరెంత అని మూడంకెలు వరుసగా నున్నచో, ఏది తగ్గినయేడు ఏది తగ్గెనో చూచి కొన్ని కారణములను కొట్టివేయవచ్చును. 1946 నాటి మూడువేలును 1975 నాటి శూన్యమును మాత్రమే యెదుట నుంచుకొన్నచో ఏ కారణమైనను చెల్లును. అన్ని కారణములు చెల్లుననగా ఏదియు రుజువు కాలేదనియే.

కాలమున పోల్చుటకు లెక్క లేనప్పుడు స్థలమున పోల్చవచ్చును. నెల్లూరు సీమలోని నేలపట్టున ఈ పక్షి చెరువునీటిలో నిలిచి బ్రదుకు చెట్లమీద గూడుకట్టును. ఇది చూచి, క్రింద నీరుండుట ఆవశ్యకమని తలచుట సహజము. కన్నడదేశమున కొక్కరెబెళ్లూరులో ఊరి నడుమ ఇండ్లసరసన చింతచెట్లమీద కట్టును. క్రింద నీరు లేదు, పిల్లలాడుకొందురు. నీరు ఆవశ్యకమను మాట అచ్చట వీగినది. పోనీ, పచ్చని చెట్టైనను కావలయునా? కైకలూరు చెంత ఆటపాకలో అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుపమంచెలమీద గూళ్లు కట్టుచున్నవి. ఆకు లేదు, కొమ్మ లేదు. చెట్టు ఆవశ్యకమను మాటయు వీగినది. మూడుచోట్లకు సామాన్యమైన దేమి? చుట్టుపట్ల మేతయున్నది. గూటియొద్దకు హింసకుడు చేరడు. ఆటపాకలోను నేలపట్టులోను నక్కను, పిల్లిని నీరు ఆపినది. కొక్కరెబెళ్లూరులో మనుష్యుని దయ ఆపినది. నీరును దయయు ఇచ్చట ఒకేపని చేయుచున్నవి. కనుక ఉపాధి అభయము అని యనిపించును. ఇదియు నిశ్చయము గాదు. మేతయు అభయమును ఉండి పక్షి నిలువని చోటు ఒక్కటి దొరకినను ఈ యూహను మరల విప్పి చూడవలసినదే. అట్టి చోటును చూపినవాడు వాదమున శత్రువు గాడు, సహాయుడు.

ఇది పక్షిప్రియుల వినోదమని కొట్టివేయుటకు వీలులేని సంగతి యొకటి యున్నది. 1999లో అయిదవ కాంటూరువరకు కొల్లేరు అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడినది. 2006లో చేపలచెరువుల గట్లు త్రెంచబడినవి. ఆ నాటి నష్టము, ఆ నాటి కన్నీరు ఈ సభలో చాలమందికి ఒకరు చెప్పవలసినవి గావు. 2008లో రాష్ట్ర శాసనసభ హద్దును మూడవ కాంటూరునకు తగ్గింపవలెనని తీర్మానించినది. ఈ వ్యవహారమున ఒక పక్షమువారు చేపలచెరువులు పక్షులను పోగొట్టినవందురు. మరియొకపక్షమువారు పక్షులే చెరువుచేపను తినిపోవుచున్నవందురు. రెండును వినదగినవే. రెంటిలో దేనినైనను అరుగుమీద కూర్చుండి తేల్పరాదు.

గూడబాతు శీలావతిపిల్లనే తినుచున్నదా, మట్టగిడసనా, మరియేదియైననా? ఈ ప్రశ్నకు పడవయు తుపాకియు అవసరము లేదు. పిల్లలకు మేతపెట్టు నెలలలో గూళ్లనుండి జారిపడిన చేపలను, పక్షులు బెదరని వేళ, అటవీశాఖవారి అనుమతితో ఏరి, జాతులవారిగా లెక్కపెట్టిన చాలును. చేపను చూడగానే పేరు చెప్పగలవారు ఈ చుట్టుపట్ల ప్రతి యింటను కలరు. విశ్వవిద్యాలయమునుండి వచ్చిన విద్యార్థి వారియొద్ద నేర్చుకొనవలసినవాడే. ఒక్కనాటి లెక్క చాలదు. ఒక్క గూటి లెక్కయు చాలదు. చెరువులు దగ్గరగానున్న గూళ్లను, దూరముగానున్న గూళ్లను వేరుగా వ్రాయవలయును. లేనియెడల తడికట్టెయు నిప్పును మరల కలిసిపోవును. కొల్లేటిని గూర్చి ఏ కమిటీ కూర్చున్నను లెక్క తెచ్చినవారి మాటయే కాగితమున కెక్కును. ఊరివారియొద్ద లెక్క లేకున్న, ఊరినిగూర్చి ఇతరులు వ్రాసిన లెక్కకే ఊరు కట్టుపడవలసివచ్చును. భూమి విషయమున ఈ పాఠము నేర్చుకొనుటకు మన పల్లెలు ఎంత వెల చెల్లించినవో పెద్దలెరుగుదురు.

అందుచేత గ్రంథాలయపు బల్లమీద గట్టి అట్టగల ఖాతాపుస్తకమొకటి ఉంచుట మంచిది. అడ్డముగా గళ్లు ఇవి: తేది, వేళ, చూచినవారి పేరు, చోటు, జీవి, సంఖ్య, గూడున్నదా లేదా, నీటి లోతు, కన్నులార చూచినదా విన్నదా. ఈ కడపటి గడి తక్కినవానికంటె ముఖ్యము. విన్నదానిని వ్రాయవద్దని కాదు, విన్నదని వ్రాయవలయును. లెక్కింప శక్యము కానిచో సుమారు అని వ్రాసి, ఎట్లు సుమారు కట్టినదో తెలుపవలయును. చెరిపి వ్రాయరాదు, తప్పైనచో చదువ వీలగునట్లు గీతగీసి, ప్రక్కన సరియంకె వేసి, పొడియక్షరములు చేయవలయును. నెలకు రెండు తేదులు నియమించుకొని, వానయైనను ముసురైనను ఆ తేదులందే పోవలయును. పక్షులు ఎక్కువగానున్నవని విని పోయిన దినములు మాత్రమే వ్రాసినచో ఆ పుస్తకమున కొల్లేరు ఎల్లప్పుడును నిండియే యుండును.

పోయి చూడగా ఒక్క పక్షియు లేని దినమున తిరిగివచ్చి పుస్తకము తెరువకుండుట మనుష్యస్వభావము. ఆనాడును తేది వేసి, సంఖ్యగడిలో లేదు అని వ్రాసి, క్రింద చేవ్రాలు చేయవలయును. ఆరేటి చెట్లపై మొట్టమొదట గూడు కట్టని సంవత్సరమేదో చెప్పగలది అట్టి పంక్తి యొక్కటియే.